బుడగ మాట వినే ముందు ప్లాటర్ తిప్పి చూడండి

రికార్డులు వినేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒక వాదన తప్పకుండా వస్తోంది. టర్న్‌టేబుల్ మట్టంగా కూర్చోవాలంటే లేతు మిషన్లు బిగించేటప్పుడు వాడే ఖరీదైన రసమట్టం (గాజు నాళంలో బుడగతో మట్టం చూపించేది) ఉండాల్సిందేనని కొందరు. ఫోన్లో యాప్ ఉండగా ఇంకేం కావాలని మరికొందరు. మొన్న చదివిన ఒక వ్యాసంలో అయితే, మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా పట్టే రసమట్టం లేకపోతే మంచి కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే చిన్న భాగం) కొనడమే దండగ అని రాశారు. అది చదివి కొత్తగా టర్న్‌టేబుల్ కొనుక్కున్న పిల్లలు నిజంగానే టెన్షన్ పడుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

రెండు వర్గాలూ పరికరం గురించే మాట్లాడుతున్నాయి. ఇంట్లో ఈ పని కచ్చితంగా చేయడానికి మామూలు మేస్త్రీ రసమట్టం సరిపోతుందని నా నమ్మకం. చిన్న సైజుది, గాజు పగలనిది అయితే చాలు. దాన్ని ప్లాటర్ మీద, అంటే రికార్డును తిప్పే పళ్లెం మీద పెట్టి, ప్లాటర్‌తో పాటు తిప్పి చూడాలి. ఆ తిప్పడం మానేస్తే ఎంత ఖరీదైన పరికరమైనా నిజం చెప్పదు. తిప్పి చూస్తే అరిగిపోయిన పాత రసమట్టం కూడా నిజం చెబుతుంది. ఎలాగో చెబుతాను. దానికంటే ముందు, అసలు ఇంత పట్టింపు అవసరమా అన్నది తేల్చుకోవాలి.

ఎంత వాలితే ఎంత నష్టం

12 అంగుళాల రికార్డు ఈ చివర నుంచి ఆ చివరకు 30 సెంటీమీటర్లు. ప్లాటర్ ఒక డిగ్రీ వాలితే రెండు చివరల మధ్య 5 మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తు తేడా వస్తుంది. డిగ్రీలో పదో వంతు వాలితే అర మిల్లీమీటరు.

ముల్లు మీద 2 గ్రాముల బరువు పెట్టారనుకుందాం. డిగ్రీ వాలుకు అందులో సుమారు 57వ వంతు, అంటే 0.035 గ్రాములు, ముల్లును మోసే ఆర్మ్‌ను పక్కకు లాగుతుంది. ఇది ఎక్కువా, తక్కువా? పోల్చి చూడడానికి ఒక కొలత ఉంది. రికార్డు తిరుగుతున్నప్పుడు ఆ రాపిడికి ఆర్మ్ ఎలాగూ లోపలి వైపు లాగబడుతుంది. యాంటీ స్కేట్ ఉన్నది దాన్ని సరిచేయడానికే. ఆ లాగుడు ముల్లు బరువులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది, అంటే మన లెక్కలో 0.2 గ్రాములు. డిగ్రీ వాలు అందులో ఆరో వంతు. కొట్టిపారేయదగ్గది కాదు, ఇల్లు మునిగేదీ కాదు. వాలు పదో వంతు డిగ్రీకి తగ్గితే ఆ బలం 0.0035 గ్రాములు. యాంటీ స్కేట్ డయల్ మీద అంకెల్లో ఉండే అనిశ్చితే అంతకంటే ఎక్కువ. కాబట్టి నా గీత అక్కడ గీసుకున్నాను: పదో వంతు డిగ్రీ. అంతకన్నా లోతుకు వెళ్లి 'ఇప్పుడు వీణ నాదం విచ్చుకుంది' అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. వాళ్లకు వినిపించిన తేడాను కాదనను, దానికి కారణం మట్టం కాకపోవచ్చు అంటాను. మట్టం సరిచేసేటప్పుడు ప్లేయర్ కదులుతుంది, ఆర్మ్ కదులుతుంది, ముల్లు మీది దుమ్ము రాలుతుంది. ఎన్నో మారతాయి.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. అన్ని దిక్కుల వాలూ సమానం కాదు. మామూలు ప్లేయర్లో ఆర్మ్ కుడివైపు వెనక మూల నుంచి ముందుకు చాచుకుని ఉంటుంది. ప్లేయర్ ముందుకో వెనక్కో వాలితే ఆ బలం చాలావరకు ఆర్మ్ పొడవునే పోతుంది, పక్కకు తిప్పదు. ఎడమకో కుడికో వాలితేనే ముల్లు గాడిలో ఒక గోడ మీదకు ఒరుగుతుంది. స్టీరియో రికార్డులో లోపలి గోడ ఎడమ ఛానల్, బయటి గోడ కుడి ఛానల్. ఎడమకు వాలిన ప్లేయర్లో ఆర్మ్ ఇంకాస్త లోపలికి లాగబడి, బయటి గోడ మీద పట్టు తగ్గుతుంది. కుడి స్పీకర్లో గట్టి స్వరాల దగ్గర బొంగురు ముందుగా వచ్చేది అందుకే. మట్టం చూడడానికి మీకు ఓపిక కొంచెమే ఉంటే ఆ ఓపికంతా ఎడమ-కుడి దిక్కు మీద పెట్టండి.

పాత భారీ ప్లేయర్లలో ముల్లు బరువు ఎక్కువ కాబట్టి వాలును అవి లెక్కచేసేవి కావని ఒక మాట వినపడుతుంది. ముల్లు బరువు పెరిగితే పక్కకు లాగే బలమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పెళ్లిళ్లలో మైకు సెట్టు బల్ల కాలి కింద అట్టముక్క పెట్టి పాటలు వేసిన రోజుల్లో పాట ఆగకుండా ఊరంతా వినపడితే చాలు. ఇప్పుడు మనం ఇంట్లో కూర్చుని తంబుర శ్రుతి ఎక్కడ ఆగిందో వెతుకుతున్నాం. మారింది మన ఆశ.

మామయ్య డంపీ లెవెల్

మా మామయ్య ఇరిగేషన్ శాఖలో ఓవర్సీరుగా చేశారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పనుల రోజుల్లో సెలవులకు వాళ్ల క్యాంపు క్వార్టర్స్‌కి వెళ్లేవాళ్లం. నాకు ఆయన డంపీ లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పరికరం) అంటే ప్రాణం. మూడు కాళ్ల స్టాండు మీద ఇత్తడి రంగు గొట్టం, దాని పక్కన చిన్న గాజు నాళంలో బుడగ, కింద మూడు ఫుట్ స్క్రూలు. కాలువ గట్టున స్టాండు పాతి, ఆ స్క్రూలు తిప్పే పని అప్పుడప్పుడు నాకు ఇచ్చేవారు. రెండు స్క్రూలు ఒకేసారి పట్టుకోవాలి. బొటనవేళ్లు రెండూ లోపలికి తిప్పాలి, లేదంటే రెండూ బయటికి. బుడగ ఎప్పుడూ ఎడమ బొటనవేలు వెళ్లిన దిక్కుకే పోతుంది. అది చూడడం నాకు మహా సరదాగా ఉండేది.

బుడగ నడుమకు రాగానే నేను 'అయిపోయింది మామయ్యా' అనేదాన్ని. ఆయన టెలిస్కోపును మెల్లగా అటు నుంచి ఇటు, సరిగ్గా సగం చుట్టు తిప్పేవారు. బుడగ పక్కకు జరిగిపోయేది. "బుడగ మాట వినకమ్మా, తిప్పి చూడు" అనేవారు. జరిగినదాంట్లో సగం స్క్రూలతో సరిచేయమనేవారు. మిగతా సగం ఆ గాజు నాళం బిగింపులోని తప్పు, దాన్ని పిన్నుతో సరిచేసే చోటు వేరే ఉంటుంది.

సర్వేయర్లకు ఇది మొదటి పాఠం. తిరిగే వస్తువు ఇరుసు నిట్టనిలువుగా ఉంటే, దాని మీద కూర్చున్న బుడగ ఎటు తిప్పినా ఉన్నచోటే ఉంటుంది. నడుమన ఉందా, పక్కకు ఉందా అన్నది ఆ పరికరం సొంత వ్యవహారం. ఇరుసు వాలి ఉంటేనే తిప్పినప్పుడు బుడగ కదులుతుంది. పైగా సగం చుట్టు తిప్పితే వాలు రెండింతలై కనిపిస్తుంది: మొదట ఇటు అంత చూపిస్తుంది, తర్వాత అటు అంత. మామూలు రసమట్టానికి ఇంత శక్తి వచ్చేది అక్కడే.

టర్న్‌టేబుల్ అంటేనే నిలువు ఇరుసు మీద తిరిగే పళ్లెం. డంపీ లెవెల్‌కి చేసేదాన్ని దీనికి చేయకుండా, బల్లకో గోడకో చేసినట్టు ఒకసారి బుడగ పెట్టి చూసి లేచిపోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఫోను సున్నా చూపించిన రోజు

మా అబ్బాయి స్నేహితుడు ఒకతను హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారాడు. మొదటి జీతం బోనస్‌తో టర్న్‌టేబుల్ కొన్నాడు. నన్ను పిలిచి, ప్లాటర్ మీద ఫోను పెట్టి, "ఆంటీ, చూడండి, కరెక్టుగా జీరో" అన్నాడు. "ఫోను ఉన్నచోటే అటుది ఇటు తిప్పి పెట్టు నాన్నా" అన్నాను. తిప్పాడు. దాదాపు ఒక డిగ్రీ చూపించింది. అతని ముఖం చూడాలి!

లెక్క సులువే. ఒకే చోట ఫోనును తిప్పి పెడితే సున్నా, ఒకటి వచ్చాయంటే ఫోను తప్పు అర డిగ్రీ, ప్లాటర్ వాలు అర డిగ్రీ. మొదట అవి రెండూ ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కప్పేశాయి. ఆ అర డిగ్రీ అంటే రికార్డు ఈ చివరకూ ఆ చివరకూ రెండున్నర మిల్లీమీటర్లు. ఫోను వెనక కెమెరా ఉబ్బు, కవరు, లోపలి సెన్సర్ బిగింపు, ఏదైనా ఆ తప్పుకు కారణం కావచ్చు. కొన్ని యాప్‌లు పూర్తి డిగ్రీలే చూపిస్తాయి, అప్పుడు అర డిగ్రీకి దగ్గరలో ఉన్న వాలు కూడా సున్నాగానే కనబడొచ్చు. అలాగని ఫోను పనికిరాదని అనను. దశాంశం చూపించే యాప్ అయితే, తిప్పి చూస్తే, అదీ రసమట్టమే.

మరి ఆ 0.02 మిల్లీమీటర్ల రసమట్టం? తప్పు పట్టడంలో దానికి సాటి లేదు. కానీ ఇంట్లో ప్లాటర్ మీద పెడితే దాని బుడగ ఒకచోట నిలవదు. పక్క గదిలో ఎవరైనా నడిస్తే కదులుతుంది, మనం బల్ల మీద చెయ్యి ఆనిస్తే కదులుతుంది. చివరికి మనం సరిచేసేది టర్న్‌టేబుల్‌నా, ఇంటినా అన్న సందేహం వస్తుంది. ఆ డబ్బుతో రికార్డులు కొనుక్కోవచ్చు.

నేను చేసే పద్ధతి

ప్లేయర్ కరెంటు తీసేస్తాను. ఆర్మ్‌ను దాని స్టాండులో పెట్టి క్లిప్పు వేస్తాను. రబ్బరు మ్యాటు, నమదా మ్యాటు ఏదున్నా తీసేయాలి, మెత్తటి దాని మీద రసమట్టం ఒక పక్కకు దిగుతుంది. ప్లాటర్ మీద, నడుమ ఉండే స్పిండిల్ పక్కగా, రసమట్టాన్ని ఎడమ-కుడి దిక్కుగా పెడతాను. అడుగున అయస్కాంతం ఉన్న రసమట్టాలు ఈ పనికి వద్దు. కార్ట్రిడ్జ్‌లో ఉన్నదీ అయస్కాంతమే. రెండూ దగ్గరైతే పోయేది ముల్లు.

బుడగ అంచు ఏ గీత దగ్గరుందో చూసుకుని, రసమట్టాన్ని కదపకుండా ప్లాటర్‌ను చేత్తో సగం చుట్టు తిప్పుతాను. ఇప్పుడు బుడగ ఆ గీత నుంచి గదిలో ఏ దిక్కుకు జరిగిందో అటు పక్క ఎత్తుగా ఉన్నట్టు. రెండు స్థానాలకూ సరిగ్గా మధ్యన ఉన్న చోటే ఆ రసమట్టానికి, ఆ ప్లాటర్ మీద, అసలైన నడుమ. అది గాజు మీది గీతల మధ్య ఉండకపోవచ్చు, ఫరవాలేదు. గాజు మీద మార్కర్‌తో చిన్న చుక్క పెట్టుకుంటే మిగతా పనంతా ఆ చుక్కతోనే. పాదం స్క్రూ తిప్పి బుడగను ఆ చుక్క దగ్గరికి తెస్తాను. స్క్రూ 6 మిల్లీమీటర్ల మామూలు మర అయితే పూర్తి చుట్టుకు ఒక మిల్లీమీటరు లేస్తుంది. పాదాల మధ్య దూరం 35 సెంటీమీటర్లు ఉన్న ప్లేయర్లో ఒక పక్క పాదాలను పావు చుట్టు తిప్పితే 0.04 డిగ్రీలు. అంటే మన గీతను దాటడానికి చేతి వేళ్లు చాలు. తర్వాత ప్లాటర్‌ను పావు చుట్టు తిప్పి ముందు-వెనక దిక్కు చూసి, మళ్లీ ఎడమ-కుడికి వస్తాను, ఎందుకంటే ఒకటి సరిచేస్తే రెండోది కొంచెం చెడుతుంది.

నాలుగు పాదాల ప్లేయర్లతో ఒక చిక్కు ఉంది. మూడు పాదాలది ఎక్కడైనా స్థిరంగా నిలుస్తుంది. నాలుగుంటే ఒకటి గాల్లో ఉండిపోవచ్చు. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి వాటిలో మూడు పాదాలతో మట్టం చేసేసి, నాలుగోది నేలను తాకేదాకా మాత్రమే దించాలి. అంతకు మించి తిప్పితే చేసిన పనంతా పోతుంది.

వాటం పెట్టిన నేల, ఊగే నేల

మన పాత ఇళ్లలో నేల మట్టంగా ఉండదు, ఉండకూడదనే కట్టారు. ఇల్లు కడిగిన నీళ్లు వాకిలి వైపు పోవాలని మేస్త్రీలు వాటం పెడతారు. అలాంటి హాల్లో ఏ బల్ల వేసినా వాకిలి వైపు వాలుతుంది. ఆ వాలునంతా ప్లేయర్ పాదాలతో సరిచేస్తే ఒక పక్క స్క్రూ చివరికంటా బయటికొచ్చి వదులైపోతుంది. ముందు బల్లను సరిచేయాలి, పాదాలు చివరి మెరుగుకే.

వంటగట్టులో సింకు కోసం కోసి తీసేసిన గ్రానైట్ ముక్క ఇందుకు చాలా బాగుంటుంది. రాళ్ల దుకాణాల వెనక అవి పడి ఉంటాయి. చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్క ఒకటి మా ఇంట్లో ఉంది. ఒకటిన్నర అడుగులకు రెండు అడుగులు, 18 మిల్లీమీటర్ల మందం, పదమూడు కిలోల పైనే ఉంటుంది. బల్ల మీద రబ్బరు దిండ్ల మీద దాన్ని పరిచి మట్టం చేసి, దాని మీద ప్లేయర్ పెడితే పాదాలకు పని కొంచెమే మిగులుతుంది. బల్ల గట్టిదై ఉండాలి సుమా. పార్టికల్ బోర్డు షెల్ఫ్ ఆ బరువుకు నెలల తరబడి నెమ్మదిగా వంగుతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది కూడా.

అమెరికాలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నది వేరే కథ. న్యూజెర్సీలో చెక్క దూలాల మీద చెక్క నేల. ప్లేయర్ పక్కన నిలబడి చూస్తే బుడగ ఒకచోట, రెండడుగులు వెనక్కి వేస్తే ఇంకోచోట. మన బరువుకు నేలే వంగుతోంది. అక్కడ ఫోను కెమెరాను ఎదురుగా నిలబెట్టి వీడియో ఆన్ చేసి, దూరంగా వెళ్లి కూర్చుని, తర్వాత వీడియోలో బుడగ చూశాం. వినేటప్పుడు మనిషి ఎక్కడుంటాడో, మట్టం చూసేటప్పుడూ అక్కడే ఉండాలి. చివరకు ప్లేయర్‌ను హాలు మధ్య నుంచి గోడ వారకు మార్చాక చాలా తగ్గింది.

నన్ను ఆపే ప్రశ్నలు

ఇదంతా రాస్తున్నా ఒక ప్రశ్న నన్ను వదలదు. మన దగ్గరి రికార్డులు ఎండకు, వేడికి ఎంతో కొంత వంకర పోయి ఉంటాయి. అంచున 5 సెంటీమీటర్ల దూరంలో 2 మిల్లీమీటర్లు లేచిన రికార్డు అక్కడ రెండు డిగ్రీలకు పైగా వాలినట్టే. అలాంటప్పుడు పదో వంతు డిగ్రీ కోసం ఈ తంటా ఎందుకు? బాగా ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు ఇది: రికార్డు వంకర ప్రతి చుట్టుకూ పైకీ కిందికీ వచ్చిపోతుంది. ప్లేయర్ వాలు మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే గోడను నొక్కుతూ ఉంటుంది, ఆ రికార్డుకే కాదు, మీ దగ్గరున్న ప్రతి రికార్డుకూ. ఈ జవాబుతో నేను పూర్తిగా తృప్తి పడ్డానని చెప్పను, కానీ వదిలేయడానికి మనసొప్పదు.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. 1979లో టెక్నిక్స్ కంపెనీ ఎస్‌ఎల్-10 అనే ప్లేయర్ తెచ్చింది. రికార్డు అట్ట సైజులో ఉంటుంది. నిలువుగా నిలబెట్టినా పాడుతుంది. మట్టం అంత ముఖ్యమైతే అది ఎలా పాడింది? అందులో ఆర్మ్ పూర్తిగా తూకం చేసి ఉంటుంది, ముల్లుకు బరువు స్ప్రింగు ఇస్తుంది, రికార్డును పైనుంచి మూత పట్టి ఉంచుతుంది. భూమి ఆకర్షణతో దానికి పనిలేదు. మన ఇళ్లలో ఉన్నవి చాలావరకు వెనక బరువును జరిపి ముల్లుకు బరువు ఇచ్చేవి. వాటికి వాలుతో పని ఉంది. కాబట్టి మట్టం ఒక మతం కాదు, ఏ ఆర్మ్ ఉందో దాన్ని బట్టి దాని విలువ. స్ప్రింగు ఆర్మ్ ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. ఒకే మొన మీద నిలిచే యూనిపివట్ ఆర్మ్ ఉన్నవాళ్లు మాత్రం నాకంటే ఎక్కువ పట్టించుకోవాలి. ప్లేయర్ వాలినా ఆ ఆర్మ్ వాలదు, తన బరువుకు తాను నిటారుగా ఉంటుంది. దాంతో ముల్లు గాడిలోకి ఏటవాలుగా దిగుతుంది, ఎంత వాలుకు అంత.

ఇదే కారణంతో, ఆర్మ్‌ను గాల్లో తేలేలా తూకం చేసి, అది ఎటు జరిగితే అటు వాలిందని చెప్పే చిట్కా మీద నాకు నమ్మకం లేదు. పూర్తిగా తూకం కుదిరిన ఆర్మ్‌కు వాలు దాదాపు తెలియదు. అది జరిగిందంటే చాలాసార్లు లోపలి సన్నటి వైర్ల మెలిక కారణం. ఈ చిట్కాతో మట్టంగా ఉన్న ప్లేయర్‌ను వాల్చేసినవాళ్లు ఉన్నారు.

ఇంకో అనుమానం నిజాయితీగా చెప్పాలి. నేను చూసేది ప్లాటర్ ఇరుసు. పక్కకు లాగే బలాన్ని తేల్చేది ఆర్మ్ ఇరుసు. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయన్న నమ్మకంతోనే ఈ పద్ధతి నడుస్తోంది. కంపెనీ బిగించిన ఆర్మ్ అయితే ఆ నమ్మకం చాలావరకు న్యాయమే. ఆర్మ్‌ను విడిగా కొని బిగించుకున్నవాళ్లు ఆర్మ్ బోర్డు (ఆర్మ్ బిగించే పలక) మీద కూడా చిన్న రసమట్టం పెట్టి చూసుకోవడం మంచిది.

స్ప్రింగులు, కదలని పాదాలు

థోరెన్స్ టీడీ 160, లిన్ ఎల్‌పీ12 లాంటి వాటిలో ప్లాటర్, ఆర్మ్ రెండూ లోపల స్ప్రింగుల మీద తేలుతుంటాయి. బయటి చెక్క పెట్టె మట్టం, లోపలి ప్లాటర్ మట్టం వేర్వేరు. ముందు పెట్టెను సరిచేసి, తర్వాతే స్ప్రింగు నట్ల జోలికి వెళ్లాలి. బరువైన రసమట్టం, ఫోను వీటి మీద పెట్టకూడదు, పెట్టిన పక్కకే అది కుంగుతుంది.  అరచేతిలో సగం ఉండే తేలికపాటి రసమట్టమే వాడాలి.

రేగా ప్లానార్ 3 లాంటి వాటికి పాదాల్లో స్క్రూలే ఉండవు. పాదాల కింద నాణేలు, కార్డులు పెట్టేవాళ్లను చూశాను, నాకు నచ్చదు. ప్లేయర్‌ను తుడవడానికి ఒకసారి కదిపితే అవన్నీ చెదిరిపోతాయి. మట్టం చేయాల్సింది దాని కింది షెల్ఫ్‌ను. షెల్ఫ్ కాలి కింద పలచటి రబ్బరు ముక్కో, గట్టి అట్టముక్కో పెడితే అక్కడే ఉండిపోతుంది. ఇక్కడా పద్ధతి మారదు: బుడగ ప్లాటర్ మీద, సగం చుట్టు తిప్పడం, మధ్య చుక్క. సరిచేసే చోటు ఒక్కటే కిందికి దిగింది. కొత్తగా పెట్టిన షెల్ఫ్ అయితే రెండు మూడు వారాల్లో బరువుకు సర్దుకుంటుంది కాబట్టి అప్పుడు ఒకసారి, వానాకాలం ముదిరాక ఇంకోసారి చూసుకోవాలి. మధ్యలో ముట్టుకోవాల్సిన పని లేదు.